గ్యాస్ కారు తడబడుతోందా? ట్యూనింగ్‌కి వెళ్లే ముందు ఇవి చూడండి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ. ఊరు ఏదైనా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "పెట్రోల్ మీద బండి చక్కగా ఉంది. గ్యాస్‌లోకి మారాక యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం లాగదు, తర్వాత కుదుపుతో అందుకుంటుంది. ట్యూనింగ్ చేయిస్తే నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. కిట్ మార్చేయాలా?"

మార్చక్కర్లేదు. కనీసం ఇప్పుడే కాదు. "పెట్రోల్ మీద బాగుంది కాబట్టి తప్పు కిట్‌దే" అన్న లెక్క దగ్గరే చాలామంది దారి తప్పుతారు. గ్యాస్‌ని అంటించడానికి స్పార్క్ ప్లగ్గుకి పెట్రోల్ కంటే ఎక్కువ వోల్టేజ్ కావాలి. అరిగిన ప్లగ్గు, నీరసపడిన కాయిల్ (ప్లగ్గుకి కరెంటు ఇచ్చేది) పెట్రోల్ మీద ఎలాగో నెట్టుకొస్తాయి, గ్యాస్ మీద మాత్రం బయటపడిపోతాయి. అలాంటి బండిని ట్యూనింగ్‌కి తీసుకెళ్తే గ్యాస్ కాస్త ఎక్కువ వదిలి కుదుపుని కప్పేస్తారు. అసలు జబ్బు అలాగే ఉంటుంది, మైలేజీ పోతుంది.

అందుకని కింద చెప్పిన వరుస మార్చకండి. ట్యూనింగ్ చివర్న ఎందుకు పెట్టానో చదువుతూ వెళ్తే మీకే తెలుస్తుంది.

ముందు మీది ఏ కిట్టో చూసుకోండి

బోనెట్ ఎత్తండి. రెడ్యూసర్ (గ్యాస్ ఒత్తిడి తగ్గించే డబ్బా) నుంచి గొట్టం వచ్చి, గ్యాస్ ఇంజెక్టర్లు ఉండే ఒక చిన్న రైల్‌లో కలిసి, అక్కడి నుంచి ఇంజన్ సిలిండర్‌కి ఒకటి చొప్పున సన్నని రబ్బరు పైపులు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి (ఇంజన్‌కి గాలి వెళ్లే గొట్టాల్లోకి) దిగితే అది సీక్వెన్షియల్ కిట్. అలా కాకుండా రెడ్యూసర్ నుంచి ఒకే లావు గొట్టం, మధ్యలో ఒక స్క్రూ, ఆ గొట్టం ఎయిర్ ఫిల్టర్ తర్వాత ఒక రింగులోకి వెళ్తే మిక్సర్ కిట్. పాత 800లు, ఒమ్నీలలో ఎక్కువగా ఇదే. కొన్ని దశల్లో ఈ రెండింటికీ దారులు వేరు, అక్కడ విడిగా చెప్తాను.

కంపెనీ ఫిట్టింగ్ సీఎన్‌జీ బండి వారంటీలో ఉంటే మీరు దేన్నీ విప్పొద్దు. మొదటి రెండు దశలు చేసి, రాసుకున్న కాగితం పట్టుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి.

కావలసినవి

- ప్లగ్గు పాన, 10, 12 సైజు పానలు, స్క్రూడ్రైవర్
- ఫీలర్ గేజ్ (ప్లగ్గు గ్యాప్ కొలవడానికి)
- గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్లు, చిన్న బ్రష్షు లేదా స్ప్రే సీసా
- టార్చి, పాత గుడ్డలు, మార్కర్ పెన్ను, అంటించే టేపు
- ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే పరికరం). ఓబీడీ సాకెట్ లేని పాత బండికి ఇది అక్కర్లేదు
- మల్టీమీటర్ ఉంటే మంచిది
- చేతికి అందే చోట డ్రై పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్
- పక్కన ఒక మనిషి. రోడ్డు మీద స్కానర్ చూడాల్సింది ఆయనే, మీరు కాదు

వీటి జోలికి వెళ్లొద్దు

నిండు సీఎన్‌జీ సిలిండర్‌లో దాదాపు 200 బార్ ఒత్తిడి ఉంటుంది. డిక్కీలోని సిలిండర్ నుంచి బోనెట్‌లోని రెడ్యూసర్ దాకా వచ్చే స్టీలు పైపు, దాని నట్లు, వాల్వులు మీరు ముట్టుకునే వస్తువులు కావు. "కొంచెం బిగిద్దాం" అని కూడా పాన పెట్టొద్దు. రెడ్యూసర్‌ని విప్పొద్దు.

పని ఆరుబయట చెయ్యండి. సీఎన్‌జీ గాలికంటే తేలిక, పైకి పోతుంది. రేకుల షెడ్డులో అయితే కప్పు కింద పేరుకుంటుంది. ఎల్‌పీజీ బరువు, కిందికి దిగి గోతుల్లో, డిక్కీలో నిలబడుతుంది. గ్యాస్ వాసన వస్తే ఇంజన్ ఆపి, సిలిండర్ మీది చేతి వాల్వు మూసి, తలుపులు, డిక్కీ తెరిచి దూరంగా జరగండి. ఆ బండికి తడబాటు పరీక్షలు తర్వాత, ముందు లీకు మాన్పించాలి.

ఇంకో మాట. వంటింటి ఎర్ర సిలిండర్ నుంచి కారుకి గ్యాస్ ఎక్కించడం ఇక్కడ చాలా ఊళ్లలో గుట్టుగా జరుగుతూనే ఉంది. అది నేరం, పైగా ప్రాణాంతకం. అలా నింపిన బండికి ఈ దశలేవీ వర్తించవు.

1. తడబాటు ఎప్పుడు వస్తోందో రాయండి

పాన పట్టేముందు పెన్ను పట్టాలి. ఒకట్రెండు రోజులు మామూలుగా నడుపుతూ, వచ్చినప్పుడల్లా బండి ఆపాక రాసుకోండి: ఇంజన్ చల్లగా ఉందా వేడెక్కిందా, ఏ గేరు, ఎంత వేగం, పెడల్ ఎంత తొక్కారు, ఏసీ ఉందా, గ్యాస్ ఎంత ఉంది, వాన పడుతోందా. సగం రోగం ఇక్కడే తేలిపోతుంది.

పొద్దున్నే గ్యాస్‌లోకి మారిన మొదటి రెండు మూడు నిమిషాలే వస్తే, ఇంజన్ సరిగ్గా వేడెక్కకుండానే కిట్ మారిపోతోందని అనుమానించండి. కొరాపుట్, సెమిలిగుడ వైపు చలికాలంలో ఈ గోల మామూలే. చాలా కిట్లలో మారే ఉష్ణోగ్రతని సాఫ్ట్‌వేర్‌లో పెంచుకోవచ్చు. 30 డిగ్రీల దగ్గర ఉన్నదాన్ని 40కి పెంచితే కొన్ని బండ్లలో కథ అక్కడితో అయిపోతుంది.

పెడల్ తొక్కిన తొలి క్షణంలోనే కుదుపు వచ్చి తర్వాత సర్దుకుంటే ప్లగ్గులు, రెడ్యూసర్‌కి వెళ్లే సన్నని వాక్యూమ్ పైపు, ఇంజెక్టర్లు చూడాలి. తొలుత బాగానే లాగి, తప్తపాణి ఘాట్‌లాంటి ఎక్కుడులో కాసేపయ్యాక నీరసపడితే గ్యాస్ సరఫరా చాలట్లేదు: ఫిల్టర్, రెడ్యూసర్ వేడి, సిలిండర్ వాల్వు. వాన రోజుల్లోనే వస్తే ఇగ్నిషన్ వైర్లు, కనెక్టర్లు. వేడెక్కాక ఐడ్లింగ్‌లో వణికి, స్పీడులో బాగుంటే ట్యాపెట్లు (ఇంజన్ వాల్వుల్ని తెరిచే భాగాలు) గుర్తుపెట్టుకోండి.

లాగుడు తగ్గడం, తడబడటం రెండూ ఒకటి కావు. సీఎన్‌జీ మీద పది శాతం దాకా, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువే శక్తి తగ్గడం సహజం. నలుగురు ఎక్కి ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కితే చిన్న కారు గేరు దించమంటుంది. అది జబ్బు కాదు. ఏ కుదుపూ లేకుండా నెమ్మదిగా లాగుతుంటే ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

2. పెట్రోల్ మీద నిజంగా బాగుందా?

"బాగుంది" అనేవాళ్లలో చాలామంది పెట్రోల్ మీద బండిని స్టార్ట్ చేసి వీధి చివరి దాకా మాత్రమే నడుపుతారు. పరీక్ష అంటే బరువు మీద చెయ్యాలి. ఇంజన్ బాగా వేడెక్కాక స్విచ్ పెట్రోల్‌లో పెట్టి, ఖాళీగా ఉన్న సమతల రోడ్డు మీద నాలుగో గేరులో 40 కి.మీ. వేగం దగ్గర పెడల్‌ని ముప్పావు వంతు తొక్కండి. బరంపురం నుంచి ఇచ్ఛాపురం వైపు హైవే మీద తెల్లవారుజామున అయితే సులువు. వెనక బండి లేదని చూసుకున్నాకే. అదే చోట, అదే గేరు, అదే వేగంలో గ్యాస్ మీద కూడా చెయ్యండి.

పెట్రోల్ మీద కూడా తడబడితే గ్యాస్‌ని పక్కన పెట్టండి. ముందు పెట్రోల్ బండిగా బాగుచేయించాలి. పెట్రోల్ మీద బాగాలేని ఇంజన్ గ్యాస్ మీద బాగుండదు.

ఇక్కడొక మోసం ఉంది. గ్యాస్ చవక అని ట్యాంకులో రెండు లీటర్లే ఉంచి నెలల తరబడి నడిపేవాళ్లకి పెట్రోల్ పాతబడి, ఇంజెక్టర్లు జిగురెక్కి పెట్రోల్ పరీక్షే తప్పు ఫలితం ఇస్తుంది. పంపు ట్యాంకు లోపలే ఉండి పెట్రోల్‌తోనే చల్లబడుతుంది కాబట్టి దానికీ చేటే. కొత్త పెట్రోల్ పావు ట్యాంకు పోయించి, కొన్ని కిలోమీటర్లు నడిపి అప్పుడు పరీక్షించండి. తర్వాత కూడా పావుకి తగ్గనివ్వకండి.

3. సిలిండర్ వైపు ఒక చూపు

చేతి వాల్వు పూర్తిగా తెరిచి ఉందా? సగం తెరిచిన వాల్వు ఐడ్లింగ్‌లో ఏమీ చేయదు, పెడల్ తొక్కితే గ్యాస్ అందదు. సర్వీసింగ్ అయిన మర్నాడు మొదలైన తడబాటుకి చాలాసార్లు ఇదే కారణం. తెరిచేటప్పుడు నెమ్మదిగా తెరవండి. ఒక్కసారిగా తిప్పితే లోపలి ఎక్సెస్ ఫ్లో వాల్వు గ్యాస్ లీకవుతోందనుకుని మూసుకుపోతుంది.

గ్యాస్ అడుగంటాకే తడబడుతుంటే స్విచ్ మీది లైట్లని నమ్మకండి, అవి అందాజే. నిండుగా పట్టించి మళ్లీ పరీక్షించండి. బంకు దూరం కాబట్టి చివరి బొట్టు దాకా నడిపే అలవాటు మన వైపు ఎక్కువ. ఒత్తిడి పడిపోయే ఆ చివరి పది కిలోమీటర్లలో ఏ బండైనా కొంచెం ఊగుతుంది.

సీఎన్‌జీ సిలిండర్‌కి హైడ్రో టెస్ట్ (నీళ్ల ఒత్తిడితో గట్టిదనం చూసే పరీక్ష) మూడేళ్లకోసారి. పలక మీద తేదీ ఎలాగూ చూసేయండి.

4. ప్లగ్గులు, కాయిళ్లు: తొందరపడకూడని చోటు

ఇంజన్ పూర్తిగా చల్లారాక చెయ్యండి. వేడి మీద అల్యూమినియం హెడ్‌లోంచి ప్లగ్గు తీస్తే మరలు ఊడొస్తాయి. కాయిళ్ల మీద 1, 2, 3, 4 అని టేపు అంటించండి. ప్లగ్గు గుంతలో దుమ్ము ఊది, ఒక్కొక్కటీ తీసి, తీసిన వరుసలోనే గుడ్డ మీద పెట్టండి.

గ్యాప్ కొలవండి. పెట్రోల్‌కి చాలా బండ్లలో 1.0 నుంచి 1.1 మి.మీ. ఇస్తారు. గ్యాస్ మీద ఎక్కువగా నడిచే బండికి 0.7 నుంచి 0.8 మధ్య ఉంచితే నిప్పురవ్వ సులువుగా దూకుతుంది. మామూలు నికెల్ ప్లగ్గు అయితే బయటి కొమ్మని మాత్రమే మెల్లగా వంచి సర్దండి. ఇరిడియం ప్లగ్గు నడిమి ముల్లు దారంలా సన్నగా ఉంటుంది. దాని మీద గేజ్ ఒత్తితే విరుగుతుంది, కాబట్టి సరైన గ్యాప్ ఉన్నదే కొనుక్కోండి. ఏదైనా సరే బండికి చెప్పిన హీట్ రేంజ్ (ప్లగ్గు వేడిని వదిలే స్థాయి) మారకూడదు.

రంగు చూడండి. గ్యాస్ బండి ప్లగ్గు పెట్రోల్ దానికంటే తెల్లగా ఉంటుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. తెల్లగా ఉండి చిన్న బొబ్బలు తేలితే ఆ సిలిండర్ మరీ వేడెక్కుతోంది. పొడిమసి పట్టి నల్లగా ఉంటే గ్యాస్ ఎక్కువైంది లేదా సరిగా అంటుకోవట్లేదు. జిడ్డుగా తడిగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది, అది వేరే పని. తెల్ల పింగాణీ మీద నిలువునా పెన్సిల్ గీతలాంటి నల్లచార కనిపిస్తే వదలకండి. కరెంటు కొసకి వెళ్లకుండా పక్కనుంచి దూకుతోందన్న మాట. ఆ ప్లగ్గూ, దాని రబ్బరు బూటూ రెండూ మార్చాలి. ఒక్కటే మారిస్తే పాతది కొత్తదాన్ని పాడుచేస్తుంది.

కాయిల్ అనుమానం ఉంటే కొత్తది కొనకుండానే తేల్చుకోవచ్చు. స్కానర్‌లో పి0303 కోడ్ వచ్చిందనుకోండి, మూడో సిలిండర్ మిస్సవుతోందని. మూడో కాయిల్‌ని ఒకటో చోట, ఒకటో కాయిల్‌ని మూడో చోట పెట్టి, కోడ్ చెరిపి, గ్యాస్ మీద నడపండి. కోడ్ పి0301గా మారితే తప్పు కాయిల్‌ది. పి0303 అలాగే ఉంటే ప్లగ్గుని కూడా అలాగే మార్చి చూడండి. అప్పటికీ కదలకపోతే ఆ సిలిండర్ గ్యాస్ ఇంజెక్టర్ లేదా వాల్వులు. స్కానర్ లేనివాళ్లు మామూలు ధరలో దొరికే ప్లగ్గుల సెట్టు మార్చి చూడటం మేలు, ఎలాగూ వాటి కాలం వచ్చే ఉంటుంది.

ప్లగ్గు వైర్లు ఉన్న పాత బండి అయితే చీకటి పడ్డాక బోనెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా దూరంగా నిలబడి చూడండి. వైర్ల వెంట నీలి మెరుపులు పాకుతుంటే వైర్ల సెట్టు మార్చాల్సిందే. గ్యాస్ లీకు లేదని సబ్బునీళ్లతో (ఆరో దశలో చెప్పినట్టు) ముందు తేల్చుకున్నాకే ఈ పరీక్ష, అదీ పెట్రోల్ మీద. డిస్ట్రిబ్యూటర్ ఉన్నవాటిలో క్యాప్ లోపల బీటలు, రోటర్ కొస అరుగుదల కూడా చూడండి.

బిగించేటప్పుడు పాన తీసేసి ముందు చేత్తోనే మొత్తం తిప్పండి. చేతికి తిరగనిది పానతో తిప్పితే మర పోతుంది, హెడ్ విప్పాల్సి వస్తుంది.

ఇక్కడితో ఆపి రోడ్డు మీద మళ్లీ పరీక్షించండి. నా దగ్గరికి వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఈ నాలుగో దశ దాటవు.

5. గాలి దారి

ఎయిర్ ఫిల్టర్ తీసి వెలుతురుకి పట్టి చూడండి. మిక్సర్ కిట్‌లో ఫిల్టర్ మూసుకుపోతే గ్యాస్ వాటా నేరుగా పెరిగిపోతుంది. థ్రాటిల్ దాకా వెళ్లే రబ్బరు గొట్టం మడతల్లో చీలికలు వెతకండి. మడత విప్పితే కానీ కనిపించవు. గ్యాస్ మీద ఒకసారైనా ఇన్‌టేక్‌లో "ఢాం" అని వెనక్కి పేలి ఉంటే ఎయిర్ ఫిల్టర్ డబ్బా అంచులు బీటలువారి ఉండొచ్చు, క్లిప్పులు ఊడి ఉండొచ్చు. గాలి లీకు కోసం మండే స్ప్రేలు కొట్టకండి, గ్యాస్ బండి దగ్గర అది పనికిరాదు. చెవి పెట్టి "స్స్" శబ్దం వినండి, చేత్తో గొట్టాలు నొక్కి ఇంజన్ వేగం మారుతుందేమో చూడండి.

6. రెడ్యూసర్: వేడి, నీళ్లు, సన్నని పైపు

ఎక్కువ ఒత్తిడి గ్యాస్ ఒక్కసారిగా తగ్గేటప్పుడు బాగా చల్లబడుతుంది. రెడ్యూసర్ గడ్డకట్టకుండా ఇంజన్ వేడినీళ్లు దాని గుండా తిరుగుతాయి. రేడియేటర్‌లో నీళ్లు తగ్గినా, ఆ గొట్టాల్లో గాలి బుడగ చేరినా, ఎక్కుడులో గ్యాస్ ఎక్కువ కావాల్సినప్పుడు రెడ్యూసర్ చల్లబడి చేతులెత్తేస్తుంది.

చూడటం సులువు. పది నిమిషాలు నడిపి ఆపాక, రెడ్యూసర్‌కి వెళ్లే వేడినీళ్ల గొట్టాలు రెండూ గుడ్డతో తాకండి. రెండూ వేడిగా ఉండాలి. ఒకటి వేడి, ఒకటి చల్లగా ఉంటే నీళ్లు తిరగట్లేదు. రెడ్యూసర్ మీద చెమ్మ, మంచు పేరుకుంటే ఇక అనుమానమే లేదు. చల్లారాక, అదీ పూర్తిగా చల్లారాకే, రేడియేటర్ మూత తీసి కూలెంట్ మట్టం చూసి నింపండి. నింపాక గాలి పోయేలా నడపాలి, లేకపోతే రేపటికి మళ్లీ అదే.

సీక్వెన్షియల్ కిట్‌లో మానిఫోల్డ్ నుంచి రెడ్యూసర్‌కి, మ్యాప్ సెన్సర్‌కి (మానిఫోల్డ్‌లో ఒత్తిడి కొలిచేది) పెన్ను రీఫిల్ మందాన ఒక వాక్యూమ్ పైపు వెళ్తుంది. అందరూ దాటేసేది ఇదే. ఇంజన్ వేడికి కొసలు గట్టిపడి చీలుతాయి. అప్పుడు పెడల్ తొక్కినప్పుడు గ్యాస్ ఒత్తిడి వెంటనే పెరగదు, సరిగ్గా మీరు చెప్పే ఆ "ఒక్క క్షణం" అక్కడే పుడుతుంది. రెండు కొసలూ ఊడదీసి, చీలిన అంగుళం కోసేసి మళ్లీ తొడగండి. పొడవు చాలకపోతే కొత్త పైపు వేయండి, పెద్ద ఖర్చేమీ కాదు.

సబ్బునీళ్లు కూడా ఇప్పుడే. ఇంజన్ గ్యాస్ మీద ఐడ్లింగ్‌లో ఉండగా రెడ్యూసర్ తర్వాతి రబ్బరు గొట్టాల క్లిప్పుల మీద బ్రష్షుతో రాయండి. తిరిగే బెల్టు, ఫ్యాన్ దగ్గర చెయ్యి, చున్నీ, తువ్వాలు జాగ్రత్త. కొత్తగా బుడగలు లేస్తే లీకు. రబ్బరు గొట్టం క్లిప్పు అయితే ఇంజన్ ఆపి బిగించుకోవచ్చు. స్టీలు పైపు నట్టు దగ్గర బుడగ వస్తే వాల్వు మూసి, పెట్రోల్ మీద వర్క్‌షాప్‌కి వెళ్లండి.

7. గ్యాస్ ఫిల్టర్

రెడ్యూసర్‌కీ రైల్‌కీ మధ్య కప్పు సైజులో ఉండే ఫిల్టర్ ఎప్పుడు మార్చారో గుర్తుందా? గుర్తులేకపోతే మార్చే టైమ్ దాటిపోయినట్టే. బంకు కంప్రెసర్ ఆయిల్ కొంత గ్యాస్‌తో పాటు వస్తుంది, ఫిల్టర్‌ని జిడ్డుతో నింపుతుంది. మార్చేముందు సిలిండర్ వాల్వు మూసి, గ్యాస్ మీదే ఇంజన్ ఆగిపోయేదాకా నడపాలి, లైన్‌లో మిగిలింది అయిపోతుంది. స్విచ్ దానంతటదే పెట్రోల్‌కి మారితే లైన్ ఇంకా పూర్తిగా ఖాళీ కాలేదని గుర్తుంచుకోండి. ఫిల్టర్ మీద బాణం గుర్తు గ్యాస్ వెళ్లే వైపు ఉండాలి. ఈ పని చేతకాదనిపిస్తే మెకానిక్‌కి ఇవ్వండి, కానీ పాత ఫిల్టర్ చూపించమని అడగండి. నల్లని జిడ్డు కారుతుంటే ఇంజెక్టర్ రైల్ కూడా శుభ్రం చేయించాలి.

8. ఇంజెక్టర్లు, లేదా స్క్రూ

సీక్వెన్షియల్ అయితే: రైల్ నుంచి మానిఫోల్డ్‌కి వెళ్లే పైపులన్నీ ఒకే పొడవు ఉండాలి. ఒకటి పొట్టి, ఒకటి పొడవు, ఒకటి మడతపడి ఉంటే ఫిట్టింగే తప్పు. ఐడ్లింగ్‌లో రైల్ మీద స్క్రూడ్రైవర్ కొస ఆనించి, పిడికి చెవి పెట్టి వింటే ప్రతి ఇంజెక్టర్ ఒకే తీరుగా టిక్‌టిక్‌మనాలి. ఒకటి మందంగా కొట్టుకుంటే జిడ్డు పట్టింది.

మిక్సర్ అయితే: గొట్టం మధ్యలోని స్క్రూని ముట్టుకునేముందు దాని ఇప్పటి స్థానం మార్కర్‌తో గీసుకోండి. వేడి ఇంజన్ మీద, పావు చుట్టు కంటే ఎక్కువ ఒకేసారి తిప్పకండి, ప్రతిసారీ రోడ్డు మీద చూడండి. రెండు వైపులా తిప్పినా తేడా రాకపోతే రెడ్యూసర్ లోపలి డయాఫ్రమ్ (రబ్బరు పొర) గట్టిపడి ఉంటుంది. గీత దగ్గరికి తెచ్చేసి రెడ్యూసర్ కిట్ మార్పించండి.

9. వైర్లు

గోపాలపురం, సోనాపురం లాంటి సముద్రపు ఊళ్లలో ఉండేవాళ్లకి ఈ దశ మొదట్లోనే పెట్టొచ్చు. ఉప్పుగాలికి కనెక్టర్ల లోపల పచ్చటి చిలుము పడుతుంది. బ్యాటరీ తీగ తీసి, గ్యాస్ ఈసీయూ (కిట్‌ని నడిపే చిన్న కంప్యూటర్) కనెక్టర్, ఇంజెక్టర్ రైల్ కనెక్టర్, బాడీకి బిగించిన ఎర్త్ నట్టు చూడండి. చిలుము ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వండి. ఫిట్టింగ్‌లో చాలాచోట్ల వైర్లు మెలేసి టేపు చుట్టేస్తారు. టేపు ఊడిపోయి అలా కనిపిస్తే టంకం పెట్టించండి.

10. స్కానర్ ఏం చెబుతోంది

ఇంజన్ వేడెక్కాక, ముందు పెట్రోల్ మీద, తర్వాత గ్యాస్ మీద, ఐడ్లింగ్‌లోనూ నిలకడగా 60 కి.మీ. వేగంలోనూ షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు (ఇంజన్ ఈసీయూ ఇంధనాన్ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పేవి) పక్క మనిషితో రాయించండి. రెండూ కూడితే ప్లస్ 10, మైనస్ 10 మధ్య ఉంటే సరే.

పెట్రోల్ మీద బాగుండి, గ్యాస్ మీద ప్లస్ 15, 20కి పోతే గ్యాస్ చాలట్లేదు: ఫిల్టర్, రెడ్యూసర్ ఒత్తిడి, మ్యాప్ (ఎప్పుడు ఎంత గ్యాస్ వదలాలో కిట్ కంప్యూటర్‌లో ఉండే పట్టిక). మైనస్ వైపు అంతే పోతే గ్యాస్ ఎక్కువైంది. రెండు ఇంధనాల మీదా ప్లస్ వైపే ఉంటే గాలి లీకు కోసం అయిదో దశకి వెనక్కి వెళ్లండి. అంకెలన్నీ చక్కగా ఉండి కూడా తడబడుతుంటే అది ఇగ్నిషన్ దగ్గరే ఉంది, నాలుగో దశ మళ్లీ చెయ్యండి.

ఆక్సిజన్ సెన్సర్‌కి ఎమ్యులేటర్ తగిలించిన మిక్సర్ కిట్ అయితే గ్యాస్ మీద ఈ అంకెలు నమ్మొద్దు. ఎమ్యులేటర్ ఈసీయూకి దొంగ సిగ్నల్ ఇస్తుంది.

ఇవన్నీ సరిగా ఉండి, వేడి ఐడ్లింగ్‌లో వణుకు మాత్రం పోకపోతే కంప్రెషన్ టెస్టు (ఇంజన్ సిలిండర్లలో ఒత్తిడి కొలిచే పరీక్ష) చేయించండి. గ్యాస్ మీద ఏళ్లు నడిచిన ఇంజన్‌లో ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు అరిగి ట్యాపెట్ సందు తగ్గిపోతుంది, వాల్వు పూర్తిగా మూసుకోదు. ఒక సిలిండర్ మిగతావాటి కంటే 15 శాతం మించి తగ్గితే వాల్వు పని పడినట్టే. తొందరగా పట్టుకుంటే ట్యాపెట్ సర్దుబాటుతో పోతుంది.

ఎక్కువమంది చేసేవి

ఒకే రోజు ప్లగ్గులు, ఫిల్టర్, ట్యూనింగ్ అన్నీ చేయించేస్తారు. బాగైతే దేనివల్ల బాగైందో తెలియదు, కాకపోతే ఏది చెడగొట్టిందో తెలియదు. ఒక మార్పు, ఒక రోడ్డు పరీక్ష.

మెకానిక్ దగ్గరికి వెళ్లి, తెలుగులో అయినా ఒడియాలో అయినా, "గ్యాస్ ట్యూనింగ్ చెయ్యి" అంటారు. ఆయన అదే చేస్తాడు, అడిగింది అదే కదా. "వేడెక్కాక, మూడో గేరులో, సగం పెడల్ దగ్గర కుదుపు" అని చెప్పండి.

బ్యాటరీ తీగ తీసి పెట్టి "రీసెట్ చేశా, పోయింది" అంటారు. ఈసీయూ నేర్చుకున్న ట్రిమ్‌లు చెరిగిపోయి కొంతసేపు బాగుంటుంది. మళ్లీ నేర్చుకోగానే జబ్బు తిరిగొస్తుంది.

ఇప్పుడు ట్యూనింగ్

పై దశలన్నీ అయ్యాక కూడా ట్రిమ్‌లు పక్కకే ఉంటే ట్యూనింగ్‌కి వెళ్లండి. ల్యాప్‌టాప్ తగిలించగానే పాత మ్యాప్ సేవ్ చేయమని అడగండి. ఏసీ, లైట్లు ఆపి, వేడి ఇంజన్ మీద ఆటో కాలిబ్రేషన్ చేశాక, రోడ్డు మీద కూడా చేయాలి. నిలబెట్టి రేస్ చేసి ఇచ్చేస్తే బరువు మీద ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు. మీ కాగితంలోని గేరు, వేగం చూపించి అక్కడే సరిచేయమనండి. మొత్తం మ్యాప్ పెంచేస్తానంటే ఒప్పుకోవద్దు.

సరైందో లేదో ఎలా తెలుస్తుంది

రెండో దశలో వాడిన రోడ్డు, అదే గేరు, అదే వేగం. ఐదుసార్లు తొక్కితే ఐదుసార్లూ నున్నగా లాగాలి. తర్వాత ఏసీ వేసి, మనుషులతో ఒక ఎక్కుడు. విప్పిన ప్రతి రబ్బరు గొట్టం మీద మళ్లీ సబ్బునీళ్లు.

రెండుసార్లు నిండుగా పట్టించిన గ్యాస్ ఖర్చయ్యాక ఇంకో పరీక్ష ఉంది, దీన్ని ఎవరూ చేయరు. బాగా గ్యాస్ మీద నడిపి, వెంటనే పెట్రోల్‌కి మార్చి చూడండి. పెట్రోల్ మీద మొదటి కొద్ది నిమిషాలు బండి బరువుగా, నల్లపొగతో లేదా కుదుపుతో నడిచి తర్వాత సర్దుకుంటే, గ్యాస్ మీద ఉన్న తప్పుని ఈసీయూ ట్రిమ్‌లతో మోస్తోందన్న మాట. కుదుపు పోయినట్టు కనిపించినా మ్యాప్ ఇంకా కుదరలేదు. మారిన ఆ క్షణంలో లాంగ్ టర్మ్ ట్రిమ్ ఎంత ఉందో ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి, ట్యూన్ చేసినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లి చూపించండి.